కఱ్ఱ దోనెకు గాజు తొడుగు

దోనె అను మాట కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగినవారికి క్రొత్తది కాదు. మెట్టప్రాంతపు రైతునకు ఎడ్లబండి యెట్టిదో, కొల్లేటి లంకవాసికి దోనె అట్టిదిగా నుండెను. చేపలు పట్టుటకు, గడ్డి తెచ్చుకొనుటకు, ఒక లంకనుండి మఱొక లంకకు చుట్టపుచూపుగా పోవుటకు అదియే వాహనము. దానిని చేయుటకు పెద్ద కార్ఖానా అక్కఱలేదు. ముదిరిన తాటిమ్రాను ఒకటి, గొడ్డలి, బాడిస, ఉలి ఉన్నచో చాలును. మ్రానును నిలువున చీల్చి, లోపలి మెత్తని భాగమును తొలిచివేసినయెడల మిగిలినదే తాటిదోనె.

ఈ పనిలో ఒక విశేషము కలదు. టేకు, మద్ది మొదలగు వృక్షములలో చేవ నడుమ నుండును. వెలుపలి భాగము మెత్తన. తాడి దీనికి విరుద్ధము. అది ఏకదళబీజపు జాతికి చెందినది కనుక దాని మ్రానులో ఏటికొక వలయము ఏర్పడదు. నల్లని గట్టి నారలన్నియు అంచున దట్టముగా చేరియుండును. నడిమి భాగము మెత్తగా నుండును. కాన దోనె చేయువాడు బలము లేని భాగమును తీసివేసి, బలమున్న చర్మమును మాత్రము మిగుల్చుకొనుచున్నాడు. దోనె బలము దాని చర్మమునందే యున్నదని అతడు ఏ పుస్తకమును చదువకయే గ్రహించినాడు.

ఈ సూత్రమే వేఱొక రూపమున, పలుదేశములలో అభిరుచిగలవారు తమ ఇండ్లవద్ద నిర్మించుకొనుచున్న బద్దల దోనెకు ఆధారము. తేలికైన సన్నని కఱ్ఱబద్దలను ప్రక్కప్రక్కన అతికి, ఆ కఱ్ఱకు లోపల వెలుపల గాజుదారములతో నేసిన బట్టను జిగురుతో అంటించి, నునుపు చేసి, మెరుగు పెట్టుదురు. తాడికి ప్రకృతి యిచ్చిన గట్టి చర్మమును ఇచట మనిషి తన చేతులతో తొడుగుచున్నాడు. ఆ తొడుగును ఎట్లు వేయుదురు, అది యెప్పుడు నిలుచును, ఎప్పుడు మోసగించును అను విషయములు నీటినడుమ బ్రతుకు మన ప్రాంతమువారు తెలిసికొనదగినవి.

నీటికిని కఱ్ఱకును గల వైరము

కఱ్ఱ నీటిపై తేలును. కాని నీరు కఱ్ఱను ఊరక విడువదు. తడిసినప్పుడు పలక ఉబ్బును; ఎండినప్పుడు ముడుచుకొనును. ఈ ఉబ్బుటలో, ముడుచుకొనుటలో అతుకులు విడిపోవును. తడియు గాలియు కలిసినచోట బూజు చేరి కఱ్ఱ పుచ్చును. ఉప్పునీటిలోనైతే, పురుగువలె కనిపించు ఒక ఆల్చిప్పజాతి ప్రాణి పలకలలోనికి దూరి, పైకి తెలియకుండ లోపల సొరంగములు తొలుచును. పడవ కట్టువారి విద్యలో సగము ఈ శత్రువులను వెలుపల నిలుపుటకే సరిపోవును.

మన తీరమున ఈ విద్య ప్రాచీనమైనది. శాతవాహన రాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకు నావికగ్రంథమైన పెరిప్లస్, ఈ తూర్పుతీరమున దుంగలను జోడించి కట్టిన ‘సంగర’ అను పెద్ద పడవలను పేర్కొన్నది. తరువాతి కాలమున ఐరోపావారు మసూలా అని పిలిచిన పడవ ఈ తీరమున ప్రసిద్ధి కెక్కెను. దానిలో పలకలను బిగించు మేకులు కనబడవు. పలకలన్నిటిని కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. కెరటము విరుచుకొనిపడినప్పుడు గట్టిగా బిగించిన పడవ పగులును. కుట్టిన పడవ కొంత వంగి, కొంత సాగి, ఆ దెబ్బను ఓర్చుకొనును.

నదిలోను కాలువలలోను తిరుగు నావలది మఱొక పద్ధతి. పలకల సందులలో దూదినో పీచునో కూరి, నూనెతో కాచిన గుగ్గిలమును పట్టింతురు. ఈ పూత ఒక్కసారితో తీరునది కాదు. పడవను గట్టునకు లాగి, ఆరనిచ్చి, పాతపూతను గీకివేసి, క్రొత్తపూత వేయుచుండవలెను. ఆ పనిని అశ్రద్ధచేసినవాని నావ తరువాతి ప్రయాణముననే తన సంగతి తెలియజేయును.

ఒకప్పుడు ఈ విద్యకు డెల్టాలో నిండుగా పని యుండెను. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనను అనుసరించి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున బెజవాడవద్ద ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు మార్గములైనవి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో సంబంధము కలిపెను. కొమ్మమూరు కాలువ బకింగుహాం కాలువ ద్వారా మద్రాసుదాక దారి చూపెను. ధాన్యము, ఉప్పు, కట్టెలు, పెండ్లివారు అందఱును ఆ నీటిదారిని పోయినవారే. 1957లో పాత ఆనకట్టకు బదులు ప్రకాశం బ్యారేజి వచ్చెను. కాని అప్పటికే రైలును లారీయును పడవ సరకును తమవైపు లాగికొనుచుండెను. తరువాతి దశాబ్దములలో కాలువ రవాణా దాదాపు అంతరించెను. ‘లాకులు’ అను పేరు పెక్కుచోట్ల మిగిలినది. లాకులో నీరు నిండుదాక వేచియుండు పడవలు మాత్రము లేవు. పడవతోపాటు గుగ్గిలము కాచు చేతులును తగ్గినవి.

బద్దల దోనె

ఇంగ్లీషువారు కెనో అనునది మన దోనెకు దూరపు బంధువు. ఆ మాట కరీబియన్ దీవులలోని ఆదివాసులది; కొలంబస్ ప్రయాణముల తరువాత స్పానిషు ద్వారా ఐరోపా భాషలలో ప్రవేశించెను. ఉత్తర అమెరికా అడవులలోని ఆదివాసులు కెనోను భూర్జవృక్షపు బెరడుతో చేసిరి. మన పూర్వులు గ్రంథములు వ్రాసిన భూర్జపత్రము ఏ జాతి చెట్టుదో ఆ బెరడును ఆ జాతి చెట్టుదే. పలుచని కఱ్ఱ చట్రమునకు బెరడును చెట్టువేళ్ళతో కుట్టి, అతుకులకు చెట్టుబంకను కాచి పూసిరి. మసూలా కుట్టును, నావ గుగ్గిలమును భూమికి అవతలివైపున ఒకే దోనెలో కలిసినట్లున్నది.

తరువాత బెరడు స్థానమున కఱ్ఱబద్దలు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున న్యూయార్కు రాష్ట్రమున హెన్రీ రష్టన్ అను శిల్పి తేలికైన దేవదారు బద్దలతో చేసిన దోనెలు పేరు పొందినవి. వానికి లోపల ప్రక్కటెముకలవంటి అడ్డుకఱ్ఱలు ఉండెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత గాజుబట్ట సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినప్పుడు, మిన్నెసోటా రాష్ట్రపు దోనెపందెగాండ్రు ఆ అడ్డుకఱ్ఱలను తీసివేసి, బద్దలకు గాజుతొడుగు వేసి చూచిరి. 1983లో కెనడావాసి టెడ్ మూర్స్ ప్రకటించిన ‘కెనోక్రాఫ్ట్’ అను పుస్తకము ఈ పద్ధతిని ఇంటింటి పనిగా చేసెను.

ఇచట వాడు ‘ఎఱ్ఱ దేవదారు’ పేరునకే దేవదారు. హిమాలయములలోని మన దేవదారు వేఱు. అమెరికా పడమటితీరపు ఈ చెట్టు సైప్రస్ కుటుంబమునకు చెందినది. దాని గుణము తేలికదనము. ఒక ఘనమీటరు కఱ్ఱ సుమారు 370 కిలోలు తూగును. టేకైతే సుమారు 650 కిలోలు. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. దోనె ఒడలు 5 చదరపు మీటర్లు, బద్ద మందము 6 మిల్లీమీటర్లు అనుకొన్నచో కావలసిన కఱ్ఱ 0.03 ఘనమీటరు. అది ఎఱ్ఱ దేవదారు అయినచో బరువు 11 కిలోలు. టేకు అయినచో 19 కిలోలకు పైన. ఒక మనిషి దోనెను భుజమున వేసికొని గట్టెక్కవలెనన్నచో ఈ భేదము చిన్నది కాదు. టేకునకు మఱొక చిక్కును కలదు. దానిలోని సహజమైన నూనె జిగురును సులభముగా పట్టనీయదు. అతుకునకు ముందు దానిని ద్రావకముతో తుడిచి తీయవలెను.

పని యిట్లు సాగును. దోనె అడ్డుకోత ఆకారములను పలకలమీద గీసి కోసి, అచ్చులుగా అడుగున కొకటి చొప్పున వరుసగా నిలుపుదురు. 6 మిల్లీమీటర్ల మందము, 19 మిల్లీమీటర్ల వెడల్పు గల పొడవైన బద్దలను ఆ అచ్చులమీద తలక్రిందుగా పేర్చుచు వత్తురు. ప్రతి బద్దకు ఒక అంచు గాడిగా, మఱొక అంచు గుండ్రముగా చిత్రిక పట్టుదురు కనుక ఒకదానిలో నొకటి ఒదిగి కూర్చుండును. జిగురు ఆరిన పిమ్మట చిత్రికతోను, ఉప్పుకాగితముతోను మిట్టలన్నియు తీసివేయుదురు. కన్ను కనిపెట్టలేని మిట్టను అరచేయి కనిపెట్టును. అందుచే అనుభవముగలవారు కన్నులు మూసికొని దోనె ఒడలిని తడిమి చూతురు.

గాజుదారము, రెండు గొట్టముల జిగురు

గాజు పెళుసైనది, కాని దానినే తలవెండ్రుకకంటె సన్నని దారముగా లాగినప్పుడు అది వంగును, లాగుడును అద్భుతముగా ఓర్చుకొనును. గాజును దారముగా తీయుట పురాతనులకును తెలియును. దానిని విస్తారముగా తయారుచేయు మార్గము 1932లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున దొరికెను. డేల్ క్లైస్ట్ అను యువకుడు గాజుదిమ్మెలను కరగిన గాజుతో అతుక ప్రయత్నించుచుండగా, గాలిధార తగిలి ఆ గాజు సన్నని పోగులుగా చెదరెను. దానినుండి ఫైబరుగ్లాసు పరిశ్రమ పెరిగెను.

గాజుబట్ట ఒంటరిగా పనిచేయదు. దారములను పట్టియుంచు జిగురు కావలెను. ఆ జిగురు ఎపాక్సీ. 1930ల దశాబ్దమున స్విట్జర్లండులో పియరీ కాస్టాన్ దంతవైద్యమునకు పనికివచ్చు పదార్థముకొఱకు చేసిన పరిశోధనలలో అది రూపొందెను. మన ఇండ్లలో విఱిగిన వస్తువు నతుకుటకు వాడు ఆరల్డైటు ఈ జాతిదే. దానిలో రెండు గొట్టములు ఉండుట అందఱును చూచినదే: ఒకటి రెసిన్, మఱొకటి దానిని గట్టిపఱచు పదార్థము. అది ఆరిపోవుటచే గట్టిపడునది కాదు. రెండును రసాయనికముగా కలిసి క్రొత్త పదార్థ మగును. కనుక త్వరగా గట్టిపడవలెనని రెండవదానిని కొంచె మెక్కువ పోసినచో పని చెడును. తయారీదారు రెండుకు ఒకటి యన్నచో అంతే. ఐదుకు ఒకటి యన్నచో అంతే. కూర వండునట్లు కంటికొలతతో చేయరాదు.

తొడుగు ఇచ్చు బలమునకు కారణము తెలిసికొనుట మంచిది. పలకను వంచినప్పుడు ఒకవైపు సాగును, రెండవవైపు నలుగును. నట్టనడుమ మాత్రము ఏ ఒత్తిడియు ఉండదు. బరువంతయు రెండు ఉపరితలములే మోయును. అందుచే గట్టి పదార్థమును లోపల వెలుపల ఉంచి, నడుమ తేలిక కఱ్ఱను దూరము నిలుపుటకై వాడుదురు. అదే పదార్థపు పలక మందమును రెట్టింపు చేసినచో వంగకుండు గుణము ఎనిమిది రెట్లగును. తాటిదోనెవాడు మెత్తని నడిమిభాగమును తీసి పారవైచెను. బద్దల దోనెవాడు ఆ మెత్తనిదానిని ఉంచి రెండువైపుల చర్మము తొడిగెను. ఇరువురును నమ్మినది చర్మమునే.

తొడుగు వేయు విధము

తొడుగునకు ముందు ఒడలిని తడిబట్టతో తుడిచి ఆరనిత్తురు. పనిలో పడిన నొక్కులు నీటికి ఉబ్బి పైకి వచ్చును. పిమ్మట మరల ఉప్పుకాగితము పట్టుదురు. రంపపుపొట్టును ఎపాక్సీతో కలిపి చేసిన లప్పముతో సందులను పూడ్చుదురు. తరువాత పొడిని పూర్తిగా తుడిచివేయవలెను. నూనె అంటిన చేతితో ముట్టినచోట కూడ జిగురు పట్టు తప్పును.

చదరపు మీటరునకు సుమారు 200 గ్రాములు తూగు గాజుబట్టను తలక్రిందుగా నున్న దోనెపై పొడిగానే పఱచి, కుంచెతో నిమిరి, ముడుతలు లేకుండ చేయుదురు. లోపల వెలుపల కలిపి 10 చదరపు మీటర్లనుకొన్నచో ఆ బట్ట బరువు 2 కిలోలు మాత్రమే. నేతబట్ట ఏటవాలుగా సాగును కనుక దోనె వంపులపై చాలవఱకు తనంతట ఒదుగును. వంపు ఎక్కువగా నుండు రెండు కొనలకు మాత్రము ఏటవాలుగా కత్తిరించిన పట్టీలు వేయవలెను.

కలిపిన రెసిన్‌ను నడుమనుండి పోసి, రబ్బరుపలకతో అంచులవైపు నెమ్మదిగా లాగుదురు. అప్పుడు చూడముచ్చటయైన మార్పు జరుగును. తెల్లని బట్ట కనుమఱుగై, క్రింది కఱ్ఱ ఎఱుపు, గోధుమ, తేనె రంగులతో ఒక్కసారి వెలికివచ్చును. దీనికి కారణము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనే కలదు. గాజు వక్రీభవన గుణకమును, ఎపాక్సీ వక్రీభవన గుణకమును ఇంచుమించు సమానము కనుక వెలుతురు వాని సరిహద్దును గుర్తించలేక నేరుగా సాగిపోవును. గాలి మిగిలినచోట మాత్రము తెల్లని చుక్క నిలుచును. తప్పు ఎక్కడనున్నదో వస్తువే చూపునట్టి పనులు తక్కువ. ఇది వానిలో నొకటి.

రెసిన్ ఎక్కువైనచో బట్ట కఱ్ఱనుండి పైకి తేలును; తక్కువైనచో దారములు పొడిగా నుండును. బలము దారములది, అధికముగా పోసిన రెసిన్ బరువును మాత్రమే పెంచును. మొదటి పూత కొంత గట్టిపడి, ఇంకను వ్రేలికి అంటుచుండగానే రెండవ పూత, అట్లే మూడవ పూత వేయుదురు. అప్పుడు పూతలు ఒకదానితో నొకటి రసాయనికముగా కలియును. పూర్తిగా గట్టిపడినపిదప వేయవలసివచ్చినచో ముందు కడిగి గఱుకు చేయక తప్పదు. బట్ట నేతగుంటలు నిండి, ఒడలు చదునగుదాక ఈ పని సాగును. పిమ్మట దోనెను అచ్చులనుండి ఎత్తి, తిరుగవేసి, లోపల కూడ ఇట్లే తొడుగవలెను. ఒకవైపు మాత్రమే తొడిగిన దోనె ఇంకను సగము దోనెయే. దానిని జాగ్రత్తగా ఎత్తనిచో బద్దలు విచ్చుకొనును.

డెల్టా ఎండ, డెల్టా తేమ

కెనడాలో వ్రాసిన పుస్తకమును చూచి విజయవాడలో పని మొదలిడువారు ఒక సంగతి మఱవరాదు. ఎపాక్సీ కలిసినప్పుడు తనంతట వేడి పుట్టించును; బయటి వేడి దానికి తోడగును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో చేతిలో ఉండు వ్యవధి ఇంచుమించు సగమగును. వేసవి మిట్టమధ్యాహ్నమున లోతుపాత్రలో కలిపిన రెసిన్ చూచుచుండగానే పొగలు క్రక్కి రాయి యగును. కాన కొద్దికొద్దిగా కలిపి, వెంటనే వెడల్పు పళ్ళెములో పోసికొనవలెను.

వేళయును ముఖ్యమే. కఱ్ఱ రంధ్రములలో గాలి యుండును. ప్రొద్దెక్కి వేడి పెరుగుచున్నప్పుడు ఆ గాలి వ్యాకోచించి, తడి రెసిన్‌లోనికి బుడగలుగా వచ్చును. సాయంకాలము వేడి తగ్గుచున్నప్పుడు గాలి సంకోచించి రెసిన్‌ను కఱ్ఱలోనికి లాగికొనును. అందుచే మధ్యాహ్నము తిరిగిన పిమ్మట నీడలో మొదలిడుట మేలు. వర్షకాలపు తేమలో మఱొక చిక్కు వచ్చును. గట్టిపఱచు పదార్థములోని కొంతభాగము గాలిలోని తేమతోను బొగ్గుపులుసు వాయువుతోను కలిసి ఉపరితలమున మైనమువంటి పొరను ఏర్పఱచును. దానిని మంచినీటితో కడిగివేయకపోయినచో తరువాతి పూత నిలువదు. ఇంతకంటె ముఖ్యమైనది కఱ్ఱ తేమ. వానలలో నానిన బద్దలను తొందరపడి తొడుగరాదు.

మెరుగు

గాజుతొడుగుతో పని ముగిసినదని భ్రమపడువారు కలరు. ఎపాక్సీ నీటిని ఎదుర్కొనును గాని సూర్యుని ఎదుర్కొనలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణములకు అది పసుపెక్కి, సుద్దవలె పొడిరాలును. మన ఎండకు అది మఱింత త్వరగా జరుగును. కాన ఒడలిని 80, 120, 220 నంబరుల ఉప్పుకాగితములతో క్రమముగా నునుపు చేసి, ఆ కిరణములను అడ్డగించు వార్నిషును పలుచగా మూడు నాలుగు పూతలు వేయుదురు. ఉప్పుకాగితము పట్టునప్పుడు గాజుదారము బయటపడినచో ఆగవలెను. దారము తెగినచోట బలము పోయినట్లే. అంచుబద్దలు, అడ్డకఱ్ఱ, కూర్చుండు పీట అమర్చిన పిదప 16 అడుగుల దోనె ఇంచుమించు 25 కిలోలు తూగును.

వార్నిషు శాశ్వతము కాదు. మెరుపు మాయగానే పైపైన గీకి మరల పూయవలెను. గుగ్గిలము నాటి వార్షికవిధి పూర్తిగా పోలేదు, కొంత తేలికైనదంతే.

దాచిన తడి

మన తీరమున ఫైబరుగ్లాసు క్రొత్తది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమము, కెరటములను దాటి ఇసుకపై దిగగల ఫైబరుగ్లాసు పడవలను తూర్పుతీరమున పరీక్షించెను. 2004 డిసెంబరు 26నాటి సునామీ తరువాత, కొట్టుకొనిపోయిన కఱ్ఱతెప్పల స్థానమున పెక్కుచోట్ల ఫైబరు పడవలే వచ్చెను. వీనిలో తఱచుగా వాడునది ఎపాక్సీ కాదు. చౌకయైన పాలిస్టరు రెసిన్. అచ్చులో పోసి పూర్తిగా గాజుతో చేయు పడవకు అది సరిపోవును. కఱ్ఱను పట్టుకొనుటలో మాత్రము ఎపాక్సీతో సమానము కాదు.

ఇచటనే జాగ్రత్త అవసరము. పాత కఱ్ఱనావ కారుచున్నదని దానిపై ఒక గాజుతొడుగు వేసినచో చూచుటకు క్రొత్తనావ యగును. కాని లోపలి పలక తడిగానున్నచో ఆ తడికి వెలుపలికి మార్గము ఉండదు. పుచ్చు లోలోపల ప్రాకును. వార్నిషు పైన మెరయుచునే యుండును. కారు నావ తన జబ్బును చెప్పుకొనును. తొడుగువేసిన పుచ్చునావ చెప్పదు. నడియేటిలో తొడుగు పగిలిననాడే తెలియును. కాబట్టి తొడుగు మరమ్మతునకు మాఱుపేరు కాదు. ముందు పుచ్చిన పలకను మార్చి, పడవను నీడన పూర్తిగా ఆరబెట్టి, పిమ్మట తొడుగవలెను.

పనివాని ఒడలికి కూడ తొడుగు కావలెను. రెసిన్ చర్మమునకు అంటినచో కొందఱికి దద్దురు పుట్టును. ఒకసారి పట్టిన ఆ గుణము జీవితకాలము వదలకపోవచ్చును. చేతికి తొడుగులు, రాచునప్పుడు ముక్కునకు మంచి ముసుగు తప్పనిసరి. రోజుకూలికి గాజుపొడిలో నిలుచు యువకులకు ఈ రెండును లేకుండ పని చెప్పుట అన్యాయము. మఱియు తాటిదోనె శిథిలమైనచో మట్టిలో కలియును, గాజుపడవ కలియదు. కాల్చినచో విషపుపొగ. పాత ఫైబరు ఒడళ్ళను ఏమి చేయవలెనన్నది పలు దేశములను బాధించుచున్న ప్రశ్న. ఈ దృష్టితో చూచినచో పలుచని చర్మముతో, కఱ్ఱ ఎక్కువగా నుండి, విఱిగినచోట అతుకు వేసికొనగల బద్దల దోనె కొంత మేలు.

దోనె యెంత బాగుగా చేసినను నీటిమీద వివేకము వేఱుగా కావలెను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము సమీపమున పవిత్రసంగమమువద్ద పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఒడలి బలము వేఱు, పడవ నిలకడ వేఱు. ఎక్కదగినవారికంటె ఎక్కువమంది ఎక్కినచో ఏ తొడుగును రక్షింపదు. తేలు చొక్కాయి లేక చిన్న దోనెలోనైనను కూర్చుండరాదు.

కాకినాడనుండి పుదుచ్చేరిదాక గల పాత కాలువలను, కృష్ణా గోదావరులలోని కొన్ని భాగములతో చేర్చి 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. నీటిదారి మరల తెఱచుకొన్ననాడు దానిపై నడుచు పడవను ఎఱిగినవారు కూడ కావలెను. ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులును విద్యార్థులును కలిసి ఒక దోనె నిర్మించినచో దానిలో క్షేత్రగణితము, సాంద్రత, వక్రీభవనము, రసాయనికసంయోగము అన్నియు చేతికి తగులును. అంతటి వ్యయము సాధ్యము కానిచోట అరచేతి వెడల్పు గల రెండు కఱ్ఱముక్కలు చాలును. ఒకదానిని బాగుగా ఆరబెట్టి, రెండవదానిని తడిగానే ఉంచి, రెంటికిని గాజుబట్ట తొడిగి, ఒక వర్షకాలము గడువనిచ్చి చీల్చి చూడవలెను. పైకి రెండును ఒక్కతీరుననే మెరయుచుండును. లోపల ఏమి జరిగినదో పిల్లలు తామే చూచి తెలిసికొందురు.